ఆరు కొట్టి ఆగితే

నేను ఉద్యోగం చేసిన భాషలో అక్షరం ఒక్కటే: గంట మీద ఒక దెబ్బ. అచ్చుల్లేవు, హల్లుల్లేవు, ఒత్తులూ దీర్ఘాలూ అసలే లేవు. ఎన్ని దెబ్బలు పడ్డాయి, మధ్యలో ఎక్కడ ఆగాయి అన్నదాన్ని బట్టే అర్థం. ఒక్కటి పడితే ‘ఇటు చూడు, లేదా ఫోనెత్తు’. రెండు పడితే ‘బండి పంపుతాను, లైన్ క్లియర్ ఇస్తావా?’ మూడైతే ‘బండి సెక్షన్లోకి దిగింది’. నాలుగైతే ‘బండి నాకు చేరింది, సెక్షన్ ఖాళీ’. అయిదైతే ‘ఇందాక కొట్టింది కొట్టేసుకో’. ఆరైతే ‘ప్రమాదం, ఏ బండినీ వదలకు’. సెక్షన్ అంటే రెండు స్టేషన్ల మధ్య లైను. పక్కపక్క స్టేషన్లు రెండూ రాత్రీపగలూ మాట్లాడుకునేదంతా ఇంచుమించు ఈ ఆరు మాటలే.

సౌత్ ఈస్టర్న్ రైల్వేలో, ఖరగ్‌పూర్ డివిజన్లో, ఎనభైలలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరాను. ట్రైనింగు టాటానగర్ దగ్గరి సినీలో. ‘సినీలో ట్రైనింగ్’ అని ఉత్తరం రాస్తే శ్రీకాకుళంలో మా చుట్టాలు నేను సినిమాల్లోకి వెళ్లిపోయాననుకుని కొన్నాళ్లు సంతోషించారు. స్టేషన్ మాస్టరంటే పచ్చజెండా ఊపేవాడని జనం అనుకుంటారు. జెండా పగటి వేషం. రాత్రి డ్యూటీలో ఉద్యోగమంతా చెవులదే. లోపల బ్లాకు ఇన్‌స్ట్రుమెంటు గంట, బయట ఇంజను కూత, ఈ రెంటినీ కలగాపులగం కాకుండా వినాలి.

ఖరగ్‌పూర్‌లో పుట్టినవాడికి ఈ వినడం కొంత ఇంటి విద్యే. 1899 జనవరి ఒకటిన ఖరగ్‌పూర్ నుంచి కటక్‌కి లైను తెరిచారు. మరుసటేడు ఏప్రిల్లో కోలాఘాట్ వంతెన పూర్తయి హౌరా కలిసింది. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న ఈస్ట్ కోస్ట్ లైను 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. దాంతో ఇచ్ఛాపురం, పలాస, విజయనగరం వైపు వాళ్లకి ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ లైను మీది ఊరైపోయింది. మా తాత అలా వచ్చినవాడే. నాన్న వర్క్‌షాపులో. ఊరికి గడియారం వర్క్‌షాపు సైరనే. అన్నం ఎప్పుడు వండాలో, బడికి ఎప్పుడు పంపాలో అమ్మ దాన్ని వినే చెప్పేది. పొద్దు కేసి చూసేది కాదు. మథురాకాటిలో మా క్వార్టరు వరసలో తెలుగు, వెనక వరసలో బెంగాలీ, కుళాయి దగ్గర ఒడియా, హిందీ, ఇవన్నీ కలిసిన మరో భాష. ఆ కుళాయి భాషకి మాత్రం వ్యాకరణం రాసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇన్ని భాషల వాళ్లు ఒకే లైను మీద బండ్లు నడపాలి. ఒకవైపు పక్క స్టేషన్లో బెంగాలీ బాబు, ఇంకోవైపు ఒడియా మాస్టారు, కంట్రోల్లో బీహారు నుంచి వచ్చినాయన. ఫోనులో మాట్లాడితే బెంగాలీ నోట ‘వ’ కాస్తా ‘బ’ అయిపోతుంది, ‘స’ కాస్తా ‘శ’ అవుతుంది. మనం ప్రతి మాట చివరా ఓ ‘ఉ’ చేర్చందే ఊరుకోం. పాత ఫోను తీగల్లో గరగర సరేసరి. అందుకే ముఖ్యమైన ప్రతి కబురుకీ ఒక ప్రైవేట్ నంబరు జోడించేవాళ్లు. గేటు మూశానని గేట్‌మన్ ఊరికే అంటే చాలదు, తన షీటులోని నంబరు చెప్పాలి, మనం రాసుకోవాలి. మాట మీద నమ్మకం లేని చోట అంకె మీద నడిచాం. గంటకి ఈ బాధ లేదు. దానికి మాతృభాష లేదు, కాబట్టి దాన్ని తప్పుగా పలికేవాడూ లేడు.

పూర్తిగా లేడని కూడా అనలేను. ఎవరి చెయ్యి వాళ్లది. ఒకాయన దెబ్బకీ దెబ్బకీ మధ్య తీరుబడిగా ఊపిరి పీల్చుకునేవాడు. ఇంకొకాయన రెండు కొడితే ఒకటిన్నర వినిపించేది. డ్యూటీ దిగే వేళ ఇంటికెళ్లే లోకల్ కనిపిస్తోందంటే అందరి చేతులూ పరుగెత్తేవి. మొహం ఎన్నడూ చూడని మనిషి గురించి, ఆయన గంట కొట్టే ప్లంజర్ నొక్కే తీరుని బట్టి, ఇవాళ ఇంట్లో గొడవైందా లేదా అని ఊహించుకునేవాణ్ణి. ‘గంటలు నిదానంగా, విడివిడిగా కొట్టాలి’ అని రూల్సు పుస్తకం చెప్పింది. ఆ ఒక్క వాక్యమే మాకు ఉచ్చారణ శాస్త్రం. రెండు వైపులా గంటల నాదం వేరుగా ఉండేది, ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. లెడ్జరు మీద తల వంచి రాసుకుంటున్నా, పిలిచింది హౌరా వైపు వాడా, బాలేశ్వర్ వైపు వాడా అన్నది చెవికి తెలిసిపోయేది.

ఈ భాషలో వినడమంటే తిరిగి పలకడం. నేను రెండు కొడతాను. అవతలాయన ఒప్పుకుంటే అదే రెండూ నాకు తిరిగి కొట్టి, పిడి తిప్పి, నా సూదిని ‘లైన్ క్లియర్’ మీదకి తెస్తాడు. ఒప్పుకోకపోతే తిరిగి కొట్టడు. కొట్టలేదంటే నేను అడగనట్టే లెక్క. బండి దిగాక మూడు కొడితే మూడూ తిరిగొస్తాయి, సూది ‘ట్రైన్ ఆన్ లైన్’కి పోతుంది. తిరిగి రాని మాట అన్నట్టు కాదు. ఇంట్లో ‘విన్నావా’ అంటే ‘ఊఁ’ అంటారు చూడండి, ఆ ‘ఊఁ’ మీద గూడ్సు బండి కూడా నడపలేం.

ఎవడు కనిపెట్టాడీ భాష అంటే, 1850ల తొలినాళ్లలో ఇంగ్లండులో చార్లెస్ వాకర్ అనే టెలిగ్రాఫ్ ఇంజినీరు రైళ్లకి ఒంటిదెబ్బ గంటల పద్ధతి పెట్టాడు. ఆయన కొలువు చేసిన కంపెనీ పేరు కూడా సౌత్ ఈస్టర్న్ రైల్వేయే. మాకూ వాళ్లకీ చుట్టరికం ఏమీ లేదు, పేరు కలిసిందంతే. అంతకుముందు సూది అటూ ఇటూ ఊగే టెలిగ్రాఫులు ఉండేవి. సూదిని కళ్లప్పగించి చూస్తూ ఒకడు కూర్చోవాలి. గంటకి అలా కాదు, వీపు తిప్పి నిలబడ్డవాడికి కూడా అది వినపడుతుంది. ఇంచుమించు ఇదే వయసున్న మోర్సుని బెంగాలీలు ‘టరే టక్కా’ అంటారు. దాంతో ఏ మాటైనా చెప్పొచ్చు, పెళ్లి పిలుపు కూడా. మా గంటతో పెళ్లి పిలుపు చెప్పలేం. చెప్పలేకపోవడమే దాని గొప్ప. మాటలు తక్కువైన కొద్దీ ఒకటి ఇంకొకటిగా వినిపించే ఆస్కారం తక్కువ.

ఆరు దాకా సులువే. అసలు కథ ఆరు తర్వాత. ఆరు కొట్టి, కాసేపు ఆగి, ఇంకొకటి కొడితే ‘బండిని ఆపి పరీక్షించు’. ఆరు, విరామం, రెండు: ‘బండి వెనక టైల్ లేంపు లేదు’. ఆరు, విరామం, మూడు: ‘బండి తెగిపోయింది’. ఆరు, విరామం, నాలుగు: ‘వ్యాగన్లు వాటంతటవే రాంగ్ డైరెక్షన్లో దొర్లిపోతున్నాయి’. ఆరు, విరామం, అయిదు: ‘రైట్ డైరెక్షన్లో దొర్లిపోతున్నాయి’. సినీ ట్రైనింగ్ స్కూల్లో ఈ పట్టీ కంఠతా పట్టేటప్పుడు ఒక సంగతి తట్టలేదు, కుర్చీలో కూర్చున్నాకే తట్టింది. తల ఎప్పుడూ ఆరే. వినేవాడి చెవిలో ఆరు పడగానే వాడు చెయ్యాల్సిన పని మొదలైపోతుంది: సిగ్నళ్లు వెనక్కి వేసెయ్, బండ్లని ఆపు. తర్వాత వచ్చే తోక ‘ఎందుకు’ అన్నది చెబుతుంది. తోకని తప్పుగా విన్నా, అసలు వినకపోయినా, తల తన పని చేసేసి ఉంటుంది. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది. ‘బండి ఆపు’ అనాలంటే ముందు ‘బండి’ అనాలి. ఇక్కడ ‘ఆపు’ ముందు, తక్కిందంతా తర్వాత.

రాంగ్ డైరెక్షన్‌కి నాలుగూ, రైట్ డైరెక్షన్‌కి అయిదూ పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఆ రెంటికీ ఒక్క దెబ్బే తేడా. వ్యాగన్లు మన వైపొస్తున్నాయా, మన నుంచి పోతున్నాయా అన్నది ఒక్క దెబ్బ మీద వేలాడకూడదు. అలా దొర్లిన పెట్టెలు ఏం చెయ్యగలవో 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మాలో చూశారు. ఎక్కుడు మీద విహారయాత్ర బండి ఆగిపోతే దాన్ని రెండు ముక్కలు చేశారు. వెనక ముక్క జారి, కిందనుంచి వస్తున్న మరో బండిని గుద్దింది. 80 మంది దాకా పోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. ఆ లైను మీద గంటల పద్ధతి లేదు. ఇన్ని నిమిషాలయ్యాక ఇంకో బండి వదలొచ్చని గడియారం చూసి వదిలేవాళ్లు. ముందు బండి చేరిందని చెప్పే నాలుగు దెబ్బల కోసం కాచుకోవాల్సిన పనే వాళ్లకి లేకపోయింది. ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల లైన్లకి బ్లాకు పద్ధతి, అంటే ఒక సెక్షన్లో ఒకే బండి, తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

పట్టీలో చివరిది పదహారు దెబ్బలు. అర్థం: ‘గంట పనిచేస్తోందో లేదో చూస్తున్నాను’. పదహారెందుకని ట్రైనింగులో అడిగితే ఇన్‌స్ట్రక్టరు ‘పుస్తకంలో అలా ఉంది’ అన్నారు. నాకు తోచిన కారణం ఇది. కంగారులో ఉన్నవాడు ఆరు కొట్టబోయి ఏడో ఎనిమిదో కొట్టొచ్చు గానీ పదహారు కొట్టడు. ఆటకోసం పలికే మాట, ఆపదలో నోరు జారినా పలకలేని మాట అయి ఉండాలి.

శీతాకాలం రాత్రి, బెల్దా వైపు ఒక చిన్న స్టేషను. పేరు వద్దు. అర్ధరాత్రి దాటాక బొగ్గు గూడ్సు ఒకటి ఆగకుండా దాటుతోంది. రూలు ప్రకారం నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి పచ్చదీపం చూపిస్తున్నాను, పట్టాలకి అవతల పాయింట్స్‌మన్. మంచు ఇంకా దట్టంగా దిగలేదు గానీ దీపాల చుట్టూ పొగలా పట్టింది. పెట్టెలు పోతున్నాయి, పోతున్నాయి. బ్రేక్‌వ్యాను లాంటిదేదో వచ్చింది, పోయింది. దాని వెనక ఎర్రగా ఏదీ కనపడలేదు. పాయింట్స్‌మన్ సోంపేట వైపు మనిషి, పట్టాలు దాటి పరుగెత్తుకొచ్చాడు.

“మాస్టారూ, టైల్ లేంపు నేదండి.”

“వ్యాను చూశావా?”

“వ్యానే అనుకున్నానండి. సీకట్లో సరిగ్గా అవుపడ్లేదు.”

‘అనుకున్నాను’ అన్న మాట ఆ గదిలో చెల్లదు. టైల్ లేంపు ఉంటేనే బండి మొత్తం వచ్చినట్టు. లేకపోతే సగం వ్యాగన్లు వెనక సెక్షన్లో చీకట్లో నిలబడి ఉండొచ్చు, నిలబడకుండా ఉండొచ్చు కూడా. ముందు స్టేషనుకి ఆరు కొట్టాను. ఆగాను. ఆ ఆగడం ఎంతసేపుండాలో పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. తక్కువైతే ఎనిమిదిగా వినపడుతుంది, మరీ ఎక్కువైతే రెండు విడి మాటలవుతాయి, అవతలివాడు చివరి రెండు దెబ్బల్ని ‘లైన్ క్లియర్ అడుగుతున్నాడు’ అనుకోగలడు. వేలు ప్లంజర్ మీదే ఉంచి, చలికి బిగుసుకున్న ఆ ఇత్తడి బొడిపె కిందకి దిగి పైకి రావడం చూసుకుంటూ, రెండు కొట్టాను. క్షణం సేపు ఏమీ రాలేదు. తర్వాత ఆరు తిరిగొచ్చాయి. సందు. రెండు. ఆ మనిషికి తెలుగు రాదు, నాకు ఆయన ఒడియా అంతంతే. కానీ అంత శుద్ధంగా ఎవరూ నాతో మాట్లాడలేదనిపించింది. వెనక స్టేషనుకీ అదే కొట్టాను. నాలుగు కొట్టలేదు, అంటే ‘నీ సెక్షన్ ఇంకా ఖాళీ కాలేదు’ అని. పక్క లైన్లో వస్తున్న బండిని ఆపి డ్రైవరుకి సంగతి చెప్పి జాగ్రత్తగా వెళ్లమన్నాను.

ముందు స్టేషన్లో గూడ్సుని ఆపారు. ఆఖరి వ్యాగన్ నంబరు గార్డు చెప్పాడు, మా దగ్గరున్న నంబరుతో సరిపోయింది. దీపంలో నూనె అయిపోయిందట. అంతే. వెనక స్టేషనుకి నాలుగు కొట్టాను, రిజిస్టర్లో టైము రాశాను, టీ తాగాను. ఇలాంటి రాత్రులు స్టేషన్ మాస్టర్లందరికీ ఉంటాయి; ఏమీ జరగని కథని ఇంటికెళ్లి ఎవరికి చెప్పినా ఆవులిస్తారు.

గంటది ఒకే అక్షరమైతే, ఇంజను కూతకి రెండక్షరాలు: పొట్టి కూత, పొడుగు కూత. ఇక్కడ నాకు మా తెలుగు మాస్టారి పాఠం పనికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, ఛందస్సు మార్కుల కోసం బట్టీ పట్టినవాణ్ణి. విజిల్ కోడ్ చేతికిచ్చినప్పుడు చూస్తే అది గణవిభజనే. పొడుగు గురువు, పొట్టి లఘువు. ఒక పొడుగు, ఒక పొట్టి: ‘గార్డుగారూ, బ్రేకులు వదలండి, బయల్దేరుతున్నాం’. అది హ గణం. మూడు పొట్టి: ‘బండి అదుపు తప్పుతోంది, బ్రేకు వెయ్యి’. అది న గణం. బయల్దేరేదీ ఆగేదీ రెండూ సూర్యగణాలే! నాలుగు పొట్టి ‘బండి కదల్లేదు, వెనక కాపలా పెట్టు’, నలము. ఒక పొడుగు, రెండు పొట్టి ‘గార్డు ఇంజను దగ్గరికి రావాలి’, భ గణం. ఇవి ఇంద్రగణాలు. రెండు పొట్టి, ఒక పొడుగు ‘ఎవరో చెయిన్ లాగారు’, స గణం. పొట్టి, పొడుగు, పొట్టి ‘టోకెన్ (సెక్షన్లోకి వెళ్లే అనుమతి గుర్తు) అందలేదు’, జ గణం. చంపకమాల నడకలో న, జ, భ వరసగా వస్తాయి. అంటే అదుపు తప్పిన బండి టోకెన్ అందుకోలేకపోయింది, గార్డు ఇంజను దగ్గరికి రావాలి! పద్యం ఎత్తుకుంటూనే ఇంత ప్రమాదం ఉందని మాస్టారు చెప్పలేదు.

ఒక తేడా ఉంది. పద్యంలో గురువుకి రెండు మాత్రలు, మోర్సులో గీత చుక్కకి మూడింతలు. డ్రైవరు దగ్గర స్టాప్‌వాచీ ఉండదు. అతని పొట్టి ఎంతో తెలిస్తేనే అతని పొడుగు తెలుస్తుంది. ఒక్క కూతే వినపడితే అది పొట్టో పొడుగో మొదటిసారి విన్నవాడు చెప్పలేడు; అదే బండితో ఆ రాత్రి నాలుగు స్టేషన్లు దాటిన గార్డు చెప్పగలడు. పైగా ఆ గార్డు ఉండేది 600 మీటర్ల పైచిలుకు పొడవున్న గూడ్సు చివర. కూత అక్కడికి చేరడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ వచ్చి దాటేదాకా ప్రపంచంలో అన్నిటికన్నా పొడుగు అదే. ఆ చివర ఇంజను కూస్తే ఈ చివర మూడు సెకన్లకి వినపడుతుంది. చలి రాత్రుల్లో నేలని ఆనుకుని చల్లగాలి పరుచుకుంటే శబ్దం కిందకి వంగి చాలా దూరం పోతుంది. మండుటెండలో అదే కూత పైకి లేచిపోయి దగ్గర్లో కూడా పల్చబడుతుంది. డ్రైవరు తప్పు ఏమీ లేకుండానే అతని ఉచ్చారణ ఏడాదికి రెండుసార్లు మారిపోయేది.

కంపెనీ కాలం నుంచి ఉన్న ఆవిరింజన్ల కూతకి గొంతు ఉండేదని పాత గార్డులు చెప్పేవారు, తీగ లాగే చెయ్యి ఎవరిదో దూరం నుంచే తెలిసేదట. నేను చేరేనాటికి మా లైను మీద డీజిళ్లదే రాజ్యం. గాలి హారనుకి గొంతు లేదు, మోగితే మోగింది, లేకపోతే లేదు. కోడుకి అదే మేలు. స్థాయికి అర్థం లేని భాషలో స్థాయి మారకపోవడమే మంచిది. కళైకుండా దాటాక ఖేమాశులీ, సర్దిహా, బాన్స్‌తలా, ఝాడ్‌గ్రామ్ మీదుగా సాలవనాల్లో ఏనుగులు లైను దాటుతాయి. అక్కడ డ్రైవర్లు కూతలు సాగదీస్తూ పోతారు. ఏనుగు తన మాట విందో లేదో, ఆ డ్రైవరుకి తిరిగి చెప్పేవాళ్లు లేరు.

పనిగట్టుకుని తయారుచేసిన భాష మాదొక్కటే కాదు. మా మనవరాలు ‘బాహుబలి’ చూసిన రోజుల్లో ఇంట్లో కిలికి భాష మాట్లాడేది. 2015లో వచ్చిన ఆ సినిమాలో కాలకేయుల కోసం మదన్ కార్కీ దాన్ని తయారు చేశారు, ఏడెనిమిది వందల మాటలతో, నాలుక టక్‌మనే శబ్దాలతో. అందులో ‘మిన్’ అంటే నేను, దాన్ని తిరగేసి ‘నిమ్’ అంటే నువ్వు. ఫ్రాన్సులో సుద్ర్ అనే ఆయన 19వ శతాబ్దంలో డో రే మీ అనే ఏడు స్వరాలతో సోల్‌రెసోల్ అనే భాష కట్టాడు, పాడొచ్చు, బూరలో ఊదొచ్చు. అందులో ‘డోమిసోల్’ దేవుడు, తిరగేస్తే ‘సోల్‌మిడో’ సైతాను. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉంది! రైలు మీద పెడితే మాత్రం గుండె జారుతుంది. తిరగబడితే ఎదురర్థం ఇచ్చే మాట గాలివాటు రాత్రిలో పనికిరాదు. మా భ గణం తిరగేస్తే స గణం వస్తుంది, నిజమే, కానీ ‘గార్డు రావాలి’కీ ‘చెయిన్ లాగారు’కీ వైరం లేదు. రెంటికీ గార్డు కదలాల్సిందే. ఇలాంటి భాషని మెచ్చుకోవాలా తిట్టాలా అని తేల్చుకోవడానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉండేది. మాట సగం చెవినపడితే అది ఏ మాటవుతుంది? నాలుగు పొట్టిలో ఒకటి గాలికి పోతే మూడవుతుంది, గార్డు బ్రేకు వేస్తాడు, కొంప మునగదు. ‘గార్డు రావాలి’లో మొదటి పొడుగు పోతే రెండు పొట్టి మిగులుతాయి, అది ‘గార్డు సిగ్నల్ చూపించు’, ఎలాగూ తల బయటపెడతాడు. ప్రాణం మీదకొచ్చిన మాటల్లో చాలావరకు పొట్టి కూతలే కావడం కూడా ఊరికే కాదు. పొడుగు కూసేంత వ్యవధి అప్పుడుండదు. అచ్చమైన ప్రమాదానికి లెక్కే లేదు, ఆగకుండా పొట్టి మీద పొట్టి. ఆపదలో ఉన్నవాణ్ణి లెక్కపెట్టమనకూడదని అది రాసినవాడికి తెలుసు.

ఇప్పుడు గార్డుకీ డ్రైవరుకీ చేతిలో వాకీటాకీలున్నాయి. వాటితో మళ్లీ భాషలన్నీ వెనక్కొచ్చాయి, ‘వ’కి ‘బ’ కూడా. యాక్సిల్ కౌంటర్లు చక్రాలు లెక్కపెట్టి బండి మొత్తం వచ్చిందో లేదో చెబుతున్నాయి. కాపలా లేని లెవెల్ క్రాసింగులు బ్రాడ్‌గేజి మీద 2019 జనవరి నాటికి తీసేశారు. బండ్లు గుద్దుకోకుండా కాచే కవచ్ ఉన్న ఇంజను గేటు దగ్గరికి రాగానే తనంతట తానే కూస్తుంది. 2022లో గార్డుని ట్రైన్ మేనేజరన్నారు. వీటిల్లో నేను వద్దనేది ఒక్కటీ లేదు. ఆ శీతాకాలం రాత్రి యాక్సిల్ కౌంటరు ఉండి ఉంటే నేనూ, పాయింట్స్‌మనూ, ఆ ఒడియా మాస్టారూ కాస్త వెచ్చగా కూర్చునేవాళ్లం. అయితే విజిల్ కోడ్ పుస్తకంలోంచి పోలేదు. వాకీటాకీ బ్యాటరీ దిగిపోతే మిగిలేది అదే.

మా వీధి కుర్రాడొకడు అసిస్టెంట్ లోకో పైలట్‌గా ఎంపికై, ట్రైనింగుకి వెళ్లబోతూ కూతలు నేర్పమని వచ్చాడు. వాడు చదివింది ఇంగ్లీషు మీడియం, గణాలంటే గణపతి నవరాత్రులే తెలుసు. అయినా రెండు సాయంత్రాల్లో పట్టేశాడు. అన్నీ అప్పజెప్పించాక ఆఖర్న పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అడిగాను.

“బండి తెగిపోయింది, తాతగారూ.”

“ఏ గణం?”

“రెండు హలు.” కాసేపు నోట్సు చూసుకున్నాడు. “మరి మొదటి హ గార్డుకి వినపడకపోతేనో? ఒక పొడుగు, ఒక పొట్టే మిగుల్తుంది కదా. బ్రేకులు వదలమని.”

ఇన్నేళ్లలో ఈ కోడు గురించి నేను పెట్టుకున్న గుబులు అదొక్కటే. బండి తెగినప్పుడు వెనక ముక్కలో ఉన్నవాడు బిగించాలి. సగం వింటే వదిలేస్తాడు. పట్టీ మొత్తంలో సగం వింటే ఇలా ఎదురు తిరిగే మాట నాకు ఇంకొకటి కనపడలేదు. వాడికి అదే చెప్పాను. గార్డు నుంచి జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ కూస్తూనే ఉండమన్నాను, రెండో హ తర్వాత బాగా ఆగి మళ్లీ మొదలెట్టమన్నాను, లేకపోతే ఎక్కడ మొదలో ఎక్కడ చివరో ఎవరికీ తెలియదు.

“ఎంతసేపు ఆగాలి?” అని పెన్ను తీశాడు.